టక్‌మంటే ఎముక కూర్చున్నట్టేనా?

మీ ప్రశ్నలు – మా జవాబులు: నడుము నొప్పి, కైరోప్రాక్టిక్ (వెన్నుపూసల కీళ్లను చేత్తో నెట్టి చేసే వైద్యం)

ఒకే సంగతి పలువురు అడిగినచోట ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: నడుము నొప్పికి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తే, పక్కకు తిప్పి పడుకోబెట్టి, పైకాలి మోకాలు మడిచి, భుజం ఒకవైపు, తుంటి ఒకవైపు పట్టుకుని చటుక్కున నెట్టారు. నడుములో 'టక్'మంది. "పూస పక్కకు జరిగింది, ఇప్పుడు దాని చోట్లో కూర్చుంది" అన్నారు. నిజమేనా? రెండోసారి వెళ్తే చప్పుడు రాలేదు. అంటే సరిగ్గా పడలేదనా?

జవాబు: పూస జరగనే లేదు, ఇక కూర్చునేదేముంది? నడుము భాగంలో ఐదు పూసలుంటాయి. వాటి మధ్య మెత్తల్లాంటి డిస్కులు, వెనకవైపు రెండేసి చిన్న కీళ్లు, వీటన్నిటినీ బిగించి పట్టుకునే లిగమెంట్లు, ఆపైన దళసరి కండరాలు. ఇంత కట్టుదిట్టంగా ఉన్న పూస, బిందె ఎత్తినందుకో తుమ్మినందుకో పక్కకు తప్పుకోదు. పూస ముందుకు జారే జబ్బు ఒకటి ఉన్నమాట నిజమే. కానీ దాన్ని చేత్తో నెట్టి వెనక్కి పంపడం ఎవరి తరమూ కాదు. 1998లో తుంటి వెనక కీలు మీద ఒక పరిశోధన జరిగింది. చికిత్సకు ముందూ తర్వాతా ఎముకల స్థానాన్ని చాలా సూక్ష్మంగా కొలిచారు. చేత్తో తాకి చేసే పరీక్షల్లో 'సరిపోయింది' అని తేలినా, ఎముక మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక చప్పుడు సంగతి. పూసల వెనకున్న ఆ చిన్న కీళ్లలో జిగురు ద్రవం ఉంటుంది. కీలు రెండు ముఖాలనూ ఒక్క ఊపున విడదీస్తే లోపలి ఒత్తిడి పడిపోతుంది, ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగ కడుతుంది. వేళ్ల మెటికలు విరిచినప్పుడు జరిగేదీ ఇదే. 2015లో ఎమ్మారైలో పెట్టి వేలు లాగి చూశారు. చప్పుడైన క్షణానే బుడగ ఏర్పడటం తెరమీద కనబడింది. ఒకసారి మోగిన కీలు మళ్లీ మోగడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. పైగా మోగిన కీలు వాళ్లు గురిపెట్టినదే అయి ఉండాలనీ లేదు, పైదో కిందిదో కావచ్చు. చప్పుడు వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ ఉపశమనంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి రెండోసారి మోగలేదని బెంగ వద్దు. మోగేదాకా మళ్లీ మళ్లీ నెట్టమని అడగొద్దు.

మరి హాయిగా ఎందుకుంటుందంటే, నొప్పికి భయపడి బిగుసుకున్న కండరాలు ఆ వేగానికి కాసేపు పట్టు వదులుతాయి, నరాలు మెదడుకు పంపే నొప్పి కబురు కాస్త మెత్తబడుతుంది. ఇది కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు. ఆ వెసులుబాటులో లేచి నడిచారా, వ్యాయామం చేశారా, లేక మంచమెక్కారా అన్నదాన్ని బట్టే అసలు ఫలితం ఉంటుంది.

'పూస జరగడం' అన్న మాటకు పాత చరిత్ర ఉంది. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ ఈ వైద్యం మొదలుపెట్టినప్పుడు, దాదాపు జబ్బులన్నిటికీ మూలం పూసలు తప్పుకోవడమేనన్నాడు. ఇప్పటి కైరోప్రాక్టర్లలో చాలామంది ఆ మాట వదిలేసి 'కీలు బిగుసుకుంది, కదలిక తగ్గింది' అంటున్నారు. ఇంకా పాత పాటే పాడుతూ, నడుముతోపాటు షుగరూ ఆస్తమా కూడా తగ్గిస్తామనేవాళ్లు కనబడితే చెప్పులు తొడుక్కుని వచ్చేయండి.

ప్రశ్న: నడుము నొప్పితో మొదటిసారి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. బల్ల ఎక్కించే ముందు వాళ్లు ఏమేం చూడాలి?

జవాబు: అన్నిటికంటే అడగాల్సిన ప్రశ్న ఇది. మొదటి రోజు మాటలకీ పరీక్షకీ కలిపి 20–30 నిమిషాలైనా పట్టాలి. గుమ్మంలోంచి నేరుగా బల్లమీదికి పొమ్మంటే అది మంచి చోటు కాదు.

ముందు మాటలు. నొప్పి ఎప్పుడు మొదలైంది, కాల్లోకి దిగుతోందా, దిగితే మోకాలి దాకానా పాదం దాకానా? పడ్డారా? కారణం లేకుండా బరువు తగ్గారా? జ్వరం, ఎలా పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉన్నాయా? ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా? స్టెరాయిడ్లు, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? కాలి నొప్పి సంగతి అలా ఉంచి, మిగతావాటిలో దేనికైనా 'అవును' అని మీరు చెబితే, చెయ్యి వేయకుండా డాక్టర్ దగ్గరికి పంపడమే వాళ్ల పని. 45 ఏళ్లలోపు మొదలై మూడు నెలలు దాటిన నొప్పి, పొద్దున్న లేచాక అరగంటకు పైగా బిగుసుకుపోయి, నడిచేకొద్దీ తగ్గి, పడుకుంటే పెరుగుతుంటే అది కీళ్లవాతం తరహా జబ్బు కావచ్చు. దానికి రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.

తర్వాత పరీక్ష. మడమల మీద నడవమంటారు, మునివేళ్ల మీద నడవమంటారు. ఒంటికాలి మీద నిలబడి మడమ పదిసార్లు పైకెత్తమంటారు. ఒక కాలితో పదీ ఎత్తి, రెండో కాలితో నాలుగింటికే చతికిలబడితే ఎస్‌1 నరం (నడుము పూసల కిందున్న త్రికాస్థి నుంచి కాల్లోకి వెళ్లే మొదటి నరం) మీద అనుమానం. వెల్లకిలా పడుకోబెట్టి రెండు బొటనవేళ్లనూ మీ ముఖంవైపు లాగి పట్టుకోమని, తమ వేళ్లతో గోళ్ల దగ్గర కిందికి నొక్కుతారు. ఒకటి బిర్రుగా నిలబడి రెండోది వాలిపోతే ఎల్‌5 నరం (నడుము ఐదో పూస దగ్గర బయటికొచ్చేది) బలహీనపడినట్టు. మీకు తెలియకుండానే మొదలైన బలహీనత కూడా ఈ అరనిమిషం పరీక్షలో బయటపడుతుంది. మోకాలి కింద, మడమ వెనక చిన్న సుత్తితో తట్టి చూడాలి. పాదం పైన, బయటి అంచున, పిక్క లోపలివైపు స్పర్శ రెండు కాళ్లకూ ఒకేలా ఉందా అని అడగాలి. మోకాలు వంచకుండా కాలు పైకెత్తుతుంటే 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందిదాకా జివ్వుమని లాగితే నరం రేగి ఉందని అర్థం. తొడ వెనక పట్టినట్టుండటం వేరు, అది కండరం.

రెండు విషయాల్లో మోసపోకండి. బోర్లా పడుకోబెట్టి మడమలు ఆనించి చూసి 'ఒక కాలు అరంగుళం కురచ' అనడం ఒకటి. మీరు పడుకున్న తీరును బట్టే ఆ కొలత మారిపోతుంది. రెండోది, వచ్చిన ప్రతివాళ్లకీ నిలువెత్తు ఎక్స్‌రే. పైన చెప్పిన ప్రమాద సూచనలేవీ లేనప్పుడు మొదటి ఆరు వారాల్లో ఎక్స్‌రేతో చికిత్స మారదు.

ఇది మాత్రం గోడకు రాసి పెట్టుకోండి: మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మల విసర్జన మీద అదుపు తప్పడం, జీను మీద కూర్చుంటే ఆనే చోట, అంటే తొడల మధ్య, మొద్దుబారడం, రెండు కాళ్లూ ఒక్కసారిగా నీరసించడం. వీటిలో ఏది కనబడినా అదే గంటలో ఎమర్జెన్సీకి వెళ్లాలి. వెన్ను కింది చివర నరాల కుచ్చు నలుగుతున్న లక్షణాలివి. ఆపరేషన్ ఆలస్యమైతే నష్టం అలాగే ఉండిపోతుంది.

ప్రశ్న: ఎమ్మారైలో 'ఎల్‌4–ఎల్‌5 డిస్క్ బల్జ్' అని వచ్చింది. ఎడమ కాలు పిరుదు నుంచి పాదం దాకా లాగుతోంది. అడ్జస్ట్‌మెంట్ చేయించుకోవచ్చా?

జవాబు: నడుము నాలుగో, ఐదో పూసల మధ్య డిస్కు కాస్త ఉబ్బిందని దానర్థం. ఆ రిపోర్టులో మాటకు అంత భయపడొద్దు. నొప్పే లేనివాళ్లను స్కాన్ చేసి చూసిన అధ్యయనాలన్నిటినీ కూడి 2015లో లెక్కవేస్తే, 20 ఏళ్లవాళ్లలో 30 శాతం మందికీ 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికీ బల్జ్ ఉంది. అంటే మీ బల్జ్ మీ నొప్పికి కారణం కావచ్చు, కాకపోవచ్చు. కాలి నొప్పి దారీ పరీక్షలో తేలినదీ రిపోర్టుతో కలిస్తేనే దానికి విలువ. పిక్క బయటివైపు నుంచి పాదం పైకి, బొటనవేలికి వెళ్తే ఎల్‌5 నరం. మడమ, పాదం బయటి అంచు, చిటికెన వేలు అయితే ఎస్‌1.

నొప్పి మాత్రమే ఉండి బలం తగ్గకపోతే, కైరోప్రాక్టర్ చూడొచ్చు. కానీ మొదటి ప్రశ్నలో చెప్పిన మెలితిప్పే అడ్జస్ట్‌మెంట్‌తో మొదలుపెట్టనవసరం లేదు. నడుము దగ్గర కిందికి వంగే బల్ల ఒకటుంటుంది. బోర్లా పడుకుంటే కాళ్లవైపు భాగాన్ని నెమ్మదిగా కిందికి వంచుతూ, ఒక చెయ్యి పూస మీద ఆనించి, లయగా వంచి వదులుతుంటారు. చప్పుడూ ఉండదు, కుదుపూ ఉండదు. నరం రేగి ఉన్నవాళ్లు దీన్ని బాగా ఓర్చుకుంటారు.

బాగవుతోందో లేదో ఎలా తెలుస్తుందంటే, నొప్పి పైకి ఎక్కాలి. పాదంలో ఉన్నది పిక్కకీ, పిక్కలోది పిరుదుకీ రావాలి. నడుములో నొప్పి కాస్త పెరిగినా సరే, కాలు ఖాళీ అవుతుంటే మంచి సూచన. నడుము తేలికై కాలు లాగడం కిందికి దిగుతోందా, ఆ పద్ధతి అక్కడితో ఆపేయండి. డిస్కు వల్ల వచ్చిన కాలి నొప్పి చాలామందికి 6–12 వారాల్లో దానంతట అదే బాగా తగ్గుతుంది. బయటికి పొడుచుకొచ్చిన భాగాన్ని శరీరమే మెల్లగా పీల్చుకుంటుంది. ఎవరి చేతి చలవో అనుకుంటాం కానీ సగం పని కాలమే చేస్తుంది. పాదం వాలిపోతున్నా, బలం రోజురోజుకూ తగ్గుతున్నా ఈ జవాబు మీకు వర్తించదు. వెంటనే వెన్నెముక సర్జన్‌ను కలవండి.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్లు. ఎముకలు గుల్లబారాయన్నారు, వార్‌ఫరిన్ వాడుతుంది. తీసుకెళ్లమంటారా?

జవాబు: వేగంగా నెట్టే అడ్జస్ట్‌మెంట్‌కు వద్దు. గుల్లబారిన పూస తక్కువ ఒత్తిడికే నలిగిపోతుంది, రక్తం పలచబడినవాళ్లలో లోపల నెత్తురు గూడు కట్టే ప్రమాదం ఉంది. నడుము నొప్పి ఈమధ్య ఒక్కసారిగా మొదలైతే, పూస ఇప్పటికే నలిగిందేమో డాక్టర్‌తో ఎక్స్‌రే తీయించి చూడండి. పడకపోయినా, గట్టిగా దగ్గినా నలగొచ్చు.

ప్రశ్న: 36 సిట్టింగుల ప్యాకేజీ ముందే కట్టేయమంటున్నారు. మధ్యలో ఆపితే 'వెన్ను మళ్లీ మొదటికొస్తుంది' అంటున్నారు. నిజానికి ఎన్నిసార్లు కావాలి?

జవాబు: ముందే కట్టకండి. ఆ నొప్పి ఎలా మారుతుందో చూడకుండా 36 అని ఎవరూ చెప్పలేరు.

కొత్తగా పట్టేసిన నడుముకు వారానికి రెండు సార్ల చొప్పున రెండు వారాలు చూడండి. నాలుగో సిట్టింగ్ దాటాక కూడా చెప్పుల జోడు వేసుకోవడమో, కుర్చీలోంచి లేవడమో రవ్వంతైనా సులువు కాకపోతే, అదే పని ఇంకో ముప్పైసార్లు చేసి లాభం లేదు. మూడు నెలలు దాటిన పాత నొప్పికి కొంచెం ఎక్కువ కావాలి. 400 మందిని నాలుగు గుంపులు చేసి ఆరు వారాల్లో 0, 6, 12, 18 సార్లు చేసి చూసిన పరిశోధన ఒకటి 2014లో వచ్చింది. 12 సార్లు చేయించుకున్నవాళ్లకు మేలు ఎక్కువ. 18కి పెంచితే అదనంగా కలిసొచ్చిందేమీ లేదు.

మేలు ఎంత అన్నదీ తెలిసే వెళ్లండి. కొత్త నొప్పి మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2017లో చూస్తే, 100 పాయింట్ల నొప్పి కొలతలో సగటున 10 పాయింట్లు తగ్గింది. నొప్పి మాత్రలతో వచ్చేదానికి దగ్గరదగ్గరే. అదే ఏడాది అమెరికాలో వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్, మందులకు ముందు ప్రయత్నించదగ్గవాటిలో వేడి కాపడం, మసాజ్‌లతోపాటు దీన్నీ చేర్చింది. బ్రిటన్‌లో చికిత్సల మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2016లో ఇంకాస్త గట్టిగా చెప్పింది: వ్యాయామంతో కలిపితేనే చేయించుకోమని. మాకు ఈ రెండో మాటే నచ్చుతుంది.

తగ్గాక కూడా అప్పుడప్పుడూ వెళ్లాలా అంటే, పదేపదే తిరగబెట్టేవాళ్లకు కొంత ఉపయోగం ఉంది. 2018లో వచ్చిన స్వీడన్ పరిశోధనలో, నొప్పి లేకున్నా నిర్ణీత కాలానికి చూపించుకున్నవాళ్లు ఏడాదిలో సుమారు 13 రోజులు తక్కువ బాధపడ్డారు. అది కూడా మొదటి చికిత్సకు బాగా స్పందించినవాళ్లలో. జీవితాంతం వారంవారం రమ్మనడానికి ఇది ఆధారం కాదు.

ప్రశ్న: చేయించుకున్న మర్నాడు నడుమంతా పచ్చి పుండులా ఉంది. ఏమైనా తేడా చేశారా?

జవాబు: బహుశా కాదు. దాదాపు సగం మందికి మొదటి ఒకటి రెండు సిట్టింగుల తర్వాత ఇలా ఉంటుంది. చాలా రోజుల తర్వాత ఒళ్లు వంచి పనిచేసినప్పటి నొప్పిలాంటిదే. 24 నుంచి 48 గంటల్లో పోతుంది. వేడి కాపడం 15–20 నిమిషాలు పెట్టండి, మామూలుగా తిరగండి, పడుకుని ఉండిపోవద్దు. రెండు రోజులు దాటినా తగ్గకపోతే ఫోన్ చేసి చెప్పండి. తర్వాతిసారి బలం తగ్గించడమో పద్ధతి మార్చడమో వాళ్ల బాధ్యత. ఇదివరకు లేని కాలి నొప్పి, తిమ్మిరి, నీరసం కొత్తగా వస్తే మాత్రం మళ్లీ బల్ల ఎక్కొద్దు, డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: ఏడో నెల. నడుము, తుంటి వెనక పోటు. కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చా?

జవాబు: మీ గైనకాలజిస్టుతో ఒక మాట చెప్పి వెళ్లొచ్చు, గర్భిణులను చూసే అలవాటున్న చోటికైతే. ఈ నెలల్లో లిగమెంట్లు సహజంగానే వదులవుతాయి కాబట్టి గట్టిగా నెట్టాల్సిన పనే లేదు. పక్కకు పడుకోబెట్టి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, మెల్లగా చేసే పద్ధతులే చాలు. పొట్ట మీద బరువు పడకూడదు, వెల్లకిలా ఎక్కువసేపు ఉంచకూడదు. తుంటి చుట్టూ బెల్టు కట్టేటప్పుడు అది నడుము మీదికి ఎక్కకుండా పొట్ట కింద, తొడ ఎముక గూడల ఎత్తున ఉండాలి. చాలామంది పైకి కట్టి 'పనిచేయలేదు' అంటారు. నొప్పి అలలుగా వచ్చి పోతుంటే, నెత్తురు లేదా ఉమ్మనీరు కనబడితే అది నడుము నొప్పి లెక్కలోది కాదు, ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: వీడియోలు చూసి మా తమ్ముడితో వీపు మీద తొక్కించుకుంటున్నాను. టక్‌టక్‌మని హాయిగా ఉంది.

జవాబు: మానేయండి. పాదం కింద పడేది ఏ పూసో, పక్కటెముకో తొక్కేవాడికి తెలియదు, పట్టుతప్పితే బరువంతా ఒకచోటే దిగుతుంది. రోజుకు పదిసార్లు మీకు మీరే నడుము మెలితిప్పి మోగించుకోవడం కూడా అంతే. ఇప్పటికే వదులుగా ఉన్న కీలే మోగుతుంది, బిగుసుకున్నది బిగుసుకునే ఉంటుంది.

ప్రశ్న: సిట్టింగ్ అయ్యాక ఇంట్లో ఏ వ్యాయామాలు, ఎన్నిసార్లు?

జవాబు: మూడు చాలు, చేసే తీరు సరిగా ఉంటే.

మొదటిది, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండోది చాచి, రెండు అరచేతులూ నడుము కింది గుంటలో పెట్టుకోండి. తల, భుజాలు నేలనుంచి వేలెడంత లేపి 10 సెకన్లు పట్టి దించండి. చేతుల మీద నడుము ఒత్తిడి మారకూడదు. పొట్ట కండరాలు పెంచాలని పూర్తిగా లేచి కూర్చోవడం ఇక్కడ చెడుపు చేస్తుంది, డిస్కు మీద భారం పెరుగుతుంది.

రెండోది, పక్కకు పడుకుని మోచేయి భుజం కిందుగా ఆనించి, మోకాళ్లు మడిచి, తుంటి పైకెత్తి 10 సెకన్లు. రెండు వైపులా. భుజం, తుంటి, మోకాలు ఒకే గీతలో ఉండాలి. తుంటి వెనక్కి పోయిందంటే పని భుజం మీద పడుతోంది.

మూడోది అందరూ తప్పు చేసేది. చేతులు, మోకాళ్ల మీద గుర్రంలా నిలబడి కుడిచెయ్యి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాచి 10 సెకన్లు. ఎంత ఎత్తుకు లేపితే అంత మంచిదనుకుంటారు. కాలు తుంటి ఎత్తు దాటగానే నడుము ఉయ్యాలలా కిందికి కుంగిపోతుంది. నడుము మీద నీళ్ల గ్లాసు ఉందనుకుని, ఒలకనంత ఎత్తే లేపండి.

ఒక్కోటి ముందు ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగు, మళ్లీ ఆగి రెండు. అలసటలో తీరు చెడకుండా ఉండేందుకే ఈ తగ్గింపు. నిద్ర లేచిన గంటలోపు మాత్రం చేయొద్దు. రాత్రంతా నీరు పీల్చుకుని డిస్కులు ఉబ్బి ఉంటాయి, ఆ సమయంలో ముందుకు వంగడం కూడా వీలైనంత తగ్గించండి.

వీటితోపాటు నడక. పదేసి నిమిషాలు రెండుసార్లతో మొదలుపెట్టి, వారానికి 5 రోజులు 30 నిమిషాల దాకా నెమ్మదిగా పెంచండి. తగ్గిన నడుము నొప్పి మళ్లీ రావడం గురించి ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన 2024లో వచ్చింది. ఇలా నడిచిన గుంపులో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, నడవని గుంపులో 112 రోజులే.

ప్రశ్న: నడుము నొప్పికని వెళ్తే, చెప్పకుండానే మెడ కూడా తిప్పేశారు. అలా చేయొచ్చా?

జవాబు: చేయకూడదు. ఏం చేయబోతున్నారో, దాంట్లో ప్రమాదమేమిటో ముందు చెప్పి మీరు సరేనంటేనే చెయ్యి వేయాలి. నడుముకు వచ్చినవాళ్ల మెడ తిప్పాల్సిన అవసరమూ లేదు. మెడలో మెదడుకు వెళ్లే ధమని గోడ చీలి పక్షవాతం రావడం అరుదే అయినా, జరిగిన సందర్భాలున్నాయి. తర్వాతిసారి వెళ్తే బల్ల ఎక్కక ముందే "మెడ ముట్టుకోవద్దు" అని చెప్పండి. మెడ తిప్పిన తర్వాతి రోజుల్లో ఎన్నడూ ఎరగని తలనొప్పి, కళ్లు తిరగడం, మాట తడబడటం, ముఖం ఒకవైపు మొద్దుబారడం కనబడితే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, మెడ తిప్పించుకున్న సంగతి ముందుగా చెప్పండి. మీరు చెప్పకపోతే వాళ్లు అటువైపు వెతకకపోవచ్చు.